అమ్మవారు పలకరాదు

అచలస్వామి గారికి వాదమంటే గిట్టదు. ఎవరైనా ప్రశ్న వేస్తే వక్కపలుకు బుగ్గన పెట్టుకుని ఊరుకుంటారు. అడిగినవాడు తన ప్రశ్నను తానే పదివిధాల విప్పి చెప్పి అలసిపోయాక నోరు తెరుస్తారు. ఆ రోజు అడిగినవాడు పేరిశాస్త్రి. పది ఉపనిషత్తులు పొల్లుపోకుండా ఒప్పజెప్పగల దిట్ట. "ఋషులకు దేవుడి మాట వినబడిందంటారు. ఆ మాటలన్నీ నాకు కంఠస్థమే. నాకెందుకు వినబడదు స్వామీ?" అన్నాడు. పన్నెండేళ్ళ చదువు నీళ్ళపాలైందేమోనని అతని దిగులు. స్వామివారు జవాబుగా ఒక నాటకం సంగతి చెప్పారు.

అది దొరల కాలం. వీరరాఘవులు అనే ఆయన ఒక నాటక సమాజం నడిపేవాడు. సుల్తాను కప్పం కట్టమన్న ఒక చిన్న కోట రాజు కథ ఆడేవారు; రాజు వేషం ఆయనదే. కోట అమ్మవారు ప్రత్యక్షమై, రాజు ఏం చెయ్యాలో పద్యంలో ఆనతిచ్చే ఘట్టమే ఆ నాటకానికి ప్రాణం. ఆ రోజుల్లో ఏ నాటకమైనా ముందుగా సర్కారుకు చూపించి అనుమతి తెచ్చుకోవాలి. ఒక ఊళ్ళో ఇన్‌స్పెక్టరు రాతప్రతి తెప్పించుకుని, రాజు మాటల జోలికి పోకుండా, అమ్మవారి పద్యం మొత్తం ఎర్రసిరాతో కొట్టేశాడు. "అమ్మవారు రావచ్చు, పలకరాదు" అని పక్కన రాసి సంతకం పెట్టాడు. పలికితే ఆ వేషగాడికి జైలు, సమాజం మూత. ఆ సమాజం మీద ముప్ఫై కుటుంబాలు బతుకుతున్నాయి.

అమ్మవారి వేషం సూరన్నది. ఒట్టి ముక్కోపి. "నోరు మూసుకుని నిలబడటానికి అమ్మవారెందుకు, గుంజ పాతితే చాలదూ?" అని పొద్దుటినుంచీ సణుగుతూనే ఉన్నాడు.

ఘట్టం వచ్చింది. ముందు వరుసలో ఇన్‌స్పెక్టరు ప్రతిని ఒళ్ళో పెట్టుకుని, ఎర్రగీతల మీద వేలు ఆనించి కూర్చున్నాడు. సూరన్న వచ్చి నిలబడ్డాడు. హార్మోనియం శ్రుతి పట్టింది. వీరరాఘవులు మోకరిల్లి అతని పెదవుల వంకే చూస్తున్నాడు. ఎక్కడ నోరు జారుతాడోనని ఆయన భయం. సూరన్న పలకలేదు. పద్యం పట్టేంత సేపూ రాజు ముఖాన్నే చూస్తూ నిలబడ్డాడు. వీరరాఘవులుకు కళ్ళ వెంట నీళ్ళు కారాయి. చివరికి, కొట్టెయ్యని తన మాట తాను అన్నాడు: "అట్లే చేస్తాను, తల్లీ."

పందిరి దద్దరిల్లింది. పద్యం నచ్చితే మళ్ళీ పాడమనడం మనవాళ్ళకు అలవాటేగా. చాపల మీదివాళ్ళూ బెంచీల మీదివాళ్ళూ ఒక్కుమ్మడిగా లేచి "వన్స్‌మోర్" అన్నారు. సూరన్న మళ్ళీ మౌనంగా నిలబడ్డాడు. రాజు మళ్ళీ విన్నాడు. ఈసారి ఆయనకు భయం లేదు.

అది సాగుతుండగానే ఇన్‌స్పెక్టరు కాగితాలు ముందుకూ వెనక్కూ తిప్పాడు. కేసు రాయడానికి ఒక్క మాట దొరకలేదు. తన కుర్చీ పక్కన చాప మీదున్న ముసలి నేతగాణ్ణి భుజం తట్టి, "ఆమె ఏమందయ్యా?" అని అడిగాడు.

ముసలాయన కళ్ళు తుడుచుకుంటూ, "ఉండండి బాబూ, ఇననివ్వండి" అన్నాడు.

మర్నాడు సమాజం క్షేమంగా తర్వాతి ఊరికి బండ్లు కట్టుకుంది.

కథ అయ్యాక పేరిశాస్త్రి, "ఇంతకూ అమ్మవారి పద్యం ఏమిటి స్వామీ?" అన్నాడు.

స్వామివారు అతని వంక జాలిగా చూశారు.

"నాయనా, ఆ పందిట్లో ఆ మాటలు చేతిలో ఉన్నవాడు ఒక్కడే. ఏమందని అడిగినవాడూ ఆ ఒక్కడే."