నక్కన్నయ్య తెచ్చిన సారె

పంటకాలువ గట్టులో, చెరుకుతోటకు ఇవతలగా, ఒక పందికొక్కు కాపురముండేది. పేరు బుల్లెమ్మ. పేరు పెట్టిన రోజున బుల్లిగానే ఉండి ఉంటుంది, ఇప్పుడు మాత్రం సొరకాయంత మనిషి. ఆమె తవ్వుకున్న ఇంటికి మూడు వాకిళ్ళు. కాలువ వైపు ముందు వాకిలి, వెనక తూము పక్కన ఒకటి, చెరుకుతోటలోకి ఒకటి. పందికొక్కు ప్రాణం పళ్ళల్లో ఉండదు, వాకిళ్ళల్లో ఉంటుందని వాళ్ళమ్మ పోతూపోతూ చెప్పింది. ముందు నుంచి శత్రువొస్తే వెనక నుంచి జారుకోవాలి. అదీ ఆ జాతి బతుకు.

కానీ వెనక వాకిళ్ళు రెండింటినీ బుల్లెమ్మ కళ్ళజూసి ఏడాది దాటింది. దారి పొడుగునా సామానే. పురుగు పట్టిన ధాన్యం, తెగిన చెప్పు, సీసా మూతలు, మొక్కజొన్న కండెలు, కొబ్బరి పీచు, అరిగిపోయిన చీపురు, ఏ బండి నుంచి ఊడిందో తెలియని రబ్బరు ముక్క. ఏది దొరికినా "ఎప్పటికైనా పనికొస్తుంది" అని లోపలికి ఈడ్చుకొచ్చేది. ఆ ఎప్పటికైనా అన్న రోజు మాత్రం రాలేదు. ఆమెను చూసి నవ్వదలచినవాళ్ళు ముందు తమ మంచం కిందకి ఒకసారి తొంగిచూసి, ఆ తర్వాత వచ్చి నవ్వుకోవచ్చు.

రోహిణి కార్తెలో బుల్లెమ్మకు ఆరుగురు పిల్లలు పుట్టారు. పది రోజులు గడిచాక ఒక పొద్దున చూసుకుంటే అయిదుగురే ఉన్నారు. చెప్పు కింద వెతికింది, కండెల వెనక వెతికింది, పీచు పీకి చూసింది. మధ్యాహ్నం దాటాక దొరికింది ఆరోది, చీపురు పుల్లల మధ్య ఇరుక్కుని, కీచుమనడానికి కూడా ఓపిక లేకుండా.

పిల్లను పొట్టకు అదుముకుని బుల్లెమ్మ భోరున ఏడ్చింది. ఏ పామో పిల్లో కాదు, తన ఇల్లే తన బిడ్డను మింగబోయింది. ఆ ఏడుపు సిగ్గుతో వచ్చిన ఏడుపు. అయ్యాక మూతి తుడుచుకుని లేచింది.

"ఇక చాలు. ఈ ఇల్లు ఇల్లులా ఉండాలి" అంది.

సాయంత్రానికల్లా ముందు గది అద్దంలా తయారైంది. నేల గీకింది, గోడలు నున్నగా చేసింది, గుమ్మంలో దుమ్ము లేకుండా తోకతో ఊడ్చింది. మరి ముందు గదిలోని సామానంతా ఎక్కడికి పోయిందంటారా? వెనక సొరంగాల్లోకి పోయింది. పట్టనిచోట బుల్లెమ్మ వీపు ఆనించి కుక్కింది.

సరిగ్గా అప్పుడే నక్క కామయ్య వచ్చాడు. కామయ్య ఆమెకు ఏ వరసన అన్నయ్యో ఎవరికీ తెలియదు. తనంతట తనే అయ్యాడు. ఆమెకు పురుడొచ్చిందని విన్న దగ్గర్నుంచీ "చెల్లెమ్మా, నీకు పుట్టిల్లు లేదని ఎవరన్నారు" అంటూ రెండు రోజులకోసారి సారె మోసుకొస్తున్నాడు. మొదట ఒక గోనెసంచి, తర్వాత చేపల వల ముక్క, ఆ తర్వాత పగిలిన కుండ మూతి. కుండ పోయినా మూతి మాత్రం చెక్కుచెదరకుండా గుండ్రంగా ఉంది. అది పట్టక బుల్లెమ్మ వాకిలి కాస్త వెడల్పు చేసి మరీ లోపలికి లాక్కుంది. పుట్టింటి సారె వద్దనకూడదు కదా.

కామయ్య ముందు గదిలోకి తొంగిచూసి మురిసిపోయాడు.

"ఇల్లంటే ఇదీ చెల్లెమ్మా. కళ్ళకద్దుకోవాలి."

"వెనకంతా నిండిపోయిందన్నయ్యా. అడుగు పెట్టడానికి లేదు."

"వెనక ఎవరు చూస్తారమ్మా? వచ్చినవాళ్ళు చూసేది ముందు గదే. ఇదిగో, ఇవాళ తాటాకు బుట్ట తెచ్చాను. అడుగు లేదనుకో, అయినా బుట్ట బుట్టే. చెరుకు వాకిలి వైపు పెట్టు, చెమ్మ తగలదు. అన్నట్టు మొన్నటి కుండ మూతి ఎక్కడ పెట్టావు?"

"నువ్వు చెప్పినట్టే, తూము దారిలో."

"నా బంగారు తల్లి" అన్నాడు కామయ్య. వెళ్ళబోతూ ముంగాలితో గట్టును ఒకసారి నొక్కి చూశాడు. "ఇంకా రాయిలానే ఉందే" అని గొణుక్కున్నాడు.

"ఏంటన్నయ్యా?"

"ఏం లేదమ్మా. వానలు ఆలస్యమైతే పాపం రైతులకు కష్టం కదా అని."

రైతుల కష్టానికి కరిగిపోయే నక్కను నేనైతే ఇంతవరకు చూడలేదు. బుల్లెమ్మ మాత్రం నమ్మింది.

కామయ్య అటు వెళ్ళగానే కాలువ బురదలోంచి ఎండ్రకాయ అప్పాయమ్మ అడ్డంగా నడుచుకుంటూ పైకొచ్చింది. ముందు వాకిలికి జానెడు దూరంలో ఆమె బొరియ. వయసులో పెద్దది, మాట కటువు, డెక్కలు అంతకంటే కటువు.

"చూశావా పిన్నీ, ఇల్లంతా తుడుచుకున్నాను" అంది బుల్లెమ్మ.

"తుడుచుకున్నావా, తోసుకున్నావా?"

బుల్లెమ్మ తోకతో గుమ్మం ఇంకోసారి ఊడ్చింది.

"పైన పటారం, లోన లొటారం. సరే, ఒకటి అడుగుతాను. సారె తెచ్చిన అన్నగారు దాన్ని ఎక్కడ పెట్టావని ఆరా తీస్తాడా ఎక్కడైనా?"

"చెమ్మ తగలకూడదని చెప్పాడు పిన్నీ."

"గోనెసంచి ఎక్కడ పెట్టమన్నాడు?"

"తూము దారిలో."

"వల?"

"చెరుకు దారిలో."

"కుండ మూతి తూము దారిలో. బుట్ట చెరుకు దారిలో. నాలుగు తెచ్చాడు. ముందు గదిలో పెట్టుకోమని ఒక్కటైనా ఇచ్చాడా? వచ్చినప్పుడల్లా కాలితో గట్టు నొక్కి చూసుకుంటున్నాడు, నా బొరియలోంచి చూస్తున్నాను. ఇప్పుడు నేల గట్టిగా ఉంది, తవ్వితే గోళ్ళూడతాయి. నాలుగు రోజుల్లో మృగశిర. తొలి వాన పడితే గట్టు మైనంలా మెత్తబడుతుంది. అప్పుడు ముందు నుంచి తవ్వుతాడు. నువ్వు పిల్లల్ని పట్టుకుని వెనక్కి పరిగెడతావు. ఎక్కడికి పరిగెడతావమ్మా?"

బుల్లెమ్మ వెనక్కి తిరిగి తన ఇంటిని చూసుకుంది. పందికొక్కు ఇల్లులా లేదది, మూత పెట్టిన సీసాలా ఉంది.

"ఇప్పుడే పిల్లల్ని తీసుకుని పోతాను పిన్నీ."

"కళ్ళు తెరవని ఆరుగురిని పట్టుకుని ఈ ఎండల్లో ఎక్కడికి? గద్దలకు విందు చేస్తావా? కుదరదు. నాలుగు రోజులుంది, పని చెయ్యి. ముందు గది ముట్టుకోకు. చుట్టాలొచ్చే దారి కాదు ముఖ్యం, పిల్లలు బయటపడే దారి ముఖ్యం. చెరుకు వాకిలితో మొదలుపెట్టు. ఒక్క దారి పూర్తయ్యేదాకా రెండోదాని జోలికి పోకు. ఏ వస్తువు పట్టుకున్నా ఒక్కటే అడుగు. పాము తరుముతుంటే దీన్ని నోట కరుచుకుని పరిగెడతానా అని."

"మరి సారె? పుట్టింటి సారె పారేస్తే అరిష్టం కదా?"

అప్పాయమ్మ డెక్కలు టకటకలాడించింది. "సారె దాచుకునేదా, పంచుకునేదా? సారె వస్తే ఇంటింటికీ పంచడం ఎప్పుడైనా మానారా? నువ్వొక్కదానివే గుట్టలు పోసుకు కూర్చోవడమే అరిష్టం. అంతెందుకు, నా ఒంటి మీద చిప్పే ఇరుకైతే విడిచేస్తాను నేను. రెండు రోజులు ఒళ్ళు మెత్తగా ఉంటుంది, భయమేస్తుంది. ఆ తర్వాతే కదా పెరిగేది."

ఆ క్షణం నుంచి బుల్లెమ్మ కూర్చోలేదు.

మొదటి రోజు చెరుకు దారిలో రెండు బారలు కూడా సాగలేదు. ప్రతి వస్తువూ ఆమె కాళ్ళు పట్టుకుంది. తెగిన చెప్పు చేతిలోకి తీసుకుని, దీంతో పిల్లలకు ఉయ్యాల కట్టొచ్చేమో అనుకుంది. పాము తరుముతుంటే చెప్పు కరుచుకుని పరిగెడతావా అని గట్టిగా, పైకే అడుక్కుంది. చెప్పు పక్కకు పోయింది. రబ్బరు ముక్కా పోయింది. సాయంత్రానికి పళ్ళు జివ్వుమన్నాయి, పిల్లలు పాలకు ఏడ్చారు. పాలిచ్చి మళ్ళీ లేచింది.

రెండో రోజు చెరుకు వాకిలి తెరుచుకుంది. ఏడాది తర్వాత ఇంట్లోకి తోటగాలి వచ్చింది. ముక్కు ఎగబీల్చి బుల్లెమ్మ అక్కడే కాసేపు నిలబడింది. ఆమెకు సంతోషంతో ఏడుపొచ్చింది. ఇక అక్కడి నుంచి పంపకం మొదలైంది. కొబ్బరి పీచు గిజిగాడి గూటికి వెళ్ళింది. పురుగు పట్టిన ధాన్యం సంగతి చీమలకు చెప్పడమే ఆలస్యం, బారులు తీరి వచ్చి మర్నాటికి గింజ లేకుండా మోసుకుపోయాయి. సీసా మూతలు కప్పలు అడిగి పట్టుకెళ్ళాయి, ఎందుకో కప్పలకే తెలియాలి. ఎవరికీ అక్కర్లేనిది తూము పక్క గోతిలోకి దొర్లింది.

మూడో రోజు తూము దారి అడుగున ఒక తాటిటెంక దొరికింది. దాని మీద వాళ్ళమ్మ పంటిగాట్లు ఉన్నాయి. దాన్ని పట్టుకుని బుల్లెమ్మ ముందు వాకిలి దగ్గరికి వచ్చింది.

"పాము తరిమితే ఇది కూడా వదిలేసే పోతాను పిన్నీ. కానీ పారెయ్యలేను."

అప్పాయమ్మ డెక్కతో ఆ పంటిగాట్లు తడిమింది. "ఒక్కటి ఉంచుకో" అంది. "ఒక్కదానికి చోటుంటుంది. అన్నీ ఉంచుకోబట్టే అది అడుక్కి పోయింది."

నాలుగో రోజుకు రెండు దారులూ ఖాళీ అయ్యాయి. అవి నిండిపోయాయన్న ధీమాతో కామయ్య ఈ నాలుగు రోజులూ ఇటు రాలేదు. మిగిలింది కామయ్య తెచ్చిన సామాను. గోతిలో వేద్దామంటే అప్పాయమ్మ ఒప్పుకోలేదు. "సారె పంపకంలో తెచ్చినవాడి వాటా తెచ్చినవాడికి దక్కాలి. ముందు గదిలో పెట్టు" అంది. బుల్లెమ్మకు అర్థమైంది, ఈసారి ఒకటికి రెండుసార్లు చెప్పించుకోలేదు. అడుగు లేని బుట్ట, గోనెసంచి ముందు గదిలో పడేసింది. గది చివర, సొరంగం మొదలయ్యేచోట కుండ మూతిని నిలువుగా మట్టిలో దిగేసింది. దాని మీదుగా వల కప్పింది. అద్దంలాంటి ముందు గది మళ్ళీ చెత్తకుప్పయింది. చుట్టాలు చూస్తే ఏమనుకుంటారో అన్న బెంగ ఆమెకు పోయింది.

ఆ మర్నాడు మృగశిర పేరు నిలబెడుతూ పొద్దున్నే వాన దంచికొట్టింది. వాన వెలిసీ వెలియగానే కామయ్య దిగాడు. ఈసారి చేతుల్లో సారె లేదు.

"చెల్లెమ్మా, ఇలా రా. పిల్లల్ని కళ్ళారా చూసి పోతాను."

"ఎలా రమ్మంటావన్నయ్యా?" లోపల్నుంచి బుల్లెమ్మ గొంతు వినిపించింది. "ఇల్లంతా సామాను. కదలడానికి చోటు లేదు."

కామయ్య తొంగిచూశాడు. గది నిండా తన సారే. మూతి నాక్కున్నాడు.

"నువ్వు కదలక్కర్లేదమ్మా. నేనే వస్తాను."

గట్టు తవ్వడం మొదలైంది. తడిసిన మట్టి కుప్పలు కుప్పలుగా ఊడిపడుతోంది. లోపల బుల్లెమ్మ మొదటి పిల్లను నోట కరుచుకుంది. ఒక్కసారికి ఒక్క పిల్లే. ఆరు సార్లు వెళ్ళాలి, ఆరు సార్లు రావాలి. ఖాళీ దారిలో ఆమె కాళ్ళకు ఏదీ తగల్లేదు. మొదటిది చెరుకు మొదట్లో గడ్డి మీద పడింది, రెండోది దాని పక్కన. మూడోదానికి కామయ్య గోనెసంచి చీల్చాడు. నాలుగోదానికి బుట్ట విరిచాడు. అయిదోదాన్ని దింపి ఆమె తిరిగొచ్చేసరికి అతని ఊపిరి వేడి కుండ మూతి దాటి పిల్ల ఉన్నచోటికి తగులుతోంది. ఆరోది, చీపురులో ఇరుక్కున్న ఆ పిల్లే, అమ్మ కోసం కీచుమంది.

ఆ కీచు విని కామయ్య ఆగలేకపోయాడు. తల ముందుకు దూర్చి బలమంతా పెట్టి తోశాడు. తల వలతో సహా కుండ మూతిలోంచి అవతలికి దిగింది. చెవులు దాటాక ఇక వెనక్కి రాలేదు. అతని పళ్ళకు బెత్తెడు దూరంలో బుల్లెమ్మ ఆరో పిల్లను ఎత్తుకుంది. పిల్ల నోట్లో ఉండబట్టి మాట్లాడలేకపోయింది కానీ, ఒక్క క్షణం నిలబడి అతని కళ్ళలోకి చూసింది. తర్వాత దారి పట్టింది.

మధ్యాహ్నం దాకా గింజుకుని, కామయ్య కుండ మూతిని మట్టిలోంచి పెళ్ళగించుకుని బయటపడ్డాడు. అది మెడలో కంటెలా బిగుసుకుపోయింది. వల దాని వెంబడి వేలాడుతోంది, వల అంచు సీసపు గుళ్ళు నేలకు తగిలి గలగలమంటున్నాయి. ఆ గలగలకు ఆమడ దూరంలోనే కోళ్ళు చెట్లెక్కాయి, కుందేళ్ళు పొదల్లో దూరాయి. వానాకాలం సగం గడిచేసరికి అతని డొక్కలు లెక్కపెట్టేలా ఉన్నాయి.

ఒక సాయంత్రం గట్టు దగ్గరకొచ్చి దూరంగా నిలబడ్డాడు. బుల్లెమ్మ తూము వాకిట్లో కూర్చుని ఉంది. పిల్లలు ఆరుగురూ ఒక వాకిట్లోంచి దూరి ఇంకో వాకిట్లోంచి పరిగెత్తుకొస్తున్నారు. పక్కనే అప్పాయమ్మ, కొత్త చిప్పతో.

"చెల్లెమ్మా, నీ పళ్ళు గట్టివి" అన్నాడు కామయ్య, నక్క వినయమంతా ఒలకబోస్తూ. "ఈ వల తాళ్ళయినా కొరికి పుణ్యం కట్టుకో. కావాలంటే మూతి నువ్వే ఉంచుకో, ఎప్పటికైనా పనికొస్తుంది."

"వద్దన్నయ్యా" అంది బుల్లెమ్మ. "మా ఇంట్లో చోటు లేదు."

కామయ్య గలగలమంటూ వెళ్ళిపోయాడు. ఆ చప్పుడు కాలువ మలుపు దాటేదాకా వినిపించింది.

నడిచే దారి మిగలని ఇల్లు మన కోసం సర్దుకున్నది కాదు, శత్రువు కోసం సర్దిపెట్టినది.