పై కొమ్మ మీద పోలయ్య

బాబాయి పోయాక మిలట్రీవాళ్లిచ్చిన పతకం గోడకి తగిలించలేదేంటి నాయనమ్మా అని అడిగారుగా. ఫోను చెవికి ఆనించుకుని ఇనండర్రా, కథ చెప్తా.

అనగనగా ఒక అడవి అంచున తుమ్మచెట్టు. దాని పై కొమ్మ మీద పసులపోలిగాడి గూడు. అదేనర్రా, గేదెల వీపు మీదెక్కి తిరుగుద్ది చూడండి, నల్లగా, తోక చీలి ఉంటది, ఆ పిట్ట. ఉండేది బెత్తెడు, కాకినైనా తరిమి తరిమి కొట్టుద్ది. అందుకని మిగతా పిట్టలన్నీ దాని కిందే గూళ్లు కట్టుకునేవి.

ఆ గూట్లో కుర్రాడు పోలయ్య. ఒకచోట కుదురు లేదు. నోట్లో పురుగు ఉండగానే ఎగిరేవాడు.

"కూర్చుని తినరా సచ్చినోడా!" అనేది వాళ్లమ్మ నల్లమ్మ.

"కూర్చుంటే కాకి వస్తదే అమ్మా!" అనేవాడు.

కాకి రానే వచ్చింది, గుడ్ల కోసం. నడినెత్తిన పొడిచాడు, పోయింది. తర్వాత పాము మాను పట్టుకుని ఎక్కొచ్చింది. తోక మీద పొడిచాడు, జర్రున జారింది. "పోలయ్య ఉండగా మనకేంటి!" అని పిచ్చుకలు గంతులేశాయి.

ఆనక డేగ వచ్చింది. కింద గువ్వమ్మ పిల్లలు, ఇంకా రెక్కలు రానివి.

"అందరూ రండి! కలిసి మీదపడితే పోద్ది!" అని కేకేశాడు పోలయ్య.

ఒక్కళ్లూ రాలా. ఒక్కడే దాని వీపు మీదెక్కి, పొడిచి పొడిచి అడవి దాటించాడు. తోకలో ఈక ఊడింది.

అబ్బో, ఇక సంబరం! నెమలి పెద్దాయన వచ్చి గురివింద గింజల దండ వేశాడు. చిలక ఉపన్యాసం చెప్పింది. ఎంతసేపు చెప్పిందంటే, గుడ్లగూబ కూడా కునుకు తీసింది.

"బరువుగా ఉందే అమ్మా" అన్నాడు పోలయ్య.

"ఉండనీరా, బాగున్నావు" అంది ఆ పిచ్చి తల్లి.

వానల ముందు డేగ మళ్లీ వచ్చింది. ఈసారి పెళ్లాన్ని వెంటేసుకుని.

"రండయ్యో, ఇద్దరున్నారు!" అన్నాడు పోలయ్య.

"నీకు దండేశాంగా! నువ్వే చూసుకో నాయనా!" అని పిచ్చుకలు ఆకుల్లో దూరాయి.

"నా ఈకలు పాడైపోతాయి" అన్నాడు నెమలి పెద్దాయన.

ఎగిరిపోవచ్చు పోలయ్య. ఆడికి రెక్కలున్నాయి. గువ్వమ్మ పిల్లలకి లేవు. దండ తీసి గూట్లో పడేశాడు.

"పురుగు ఉంచవే అమ్మా. వచ్చి కూర్చుని తింటా."

రెండు డేగల్నీ తరిమాడు. ఆడు మాత్రం రాలా.

తెల్లారి నెమలి ఇంకా పెద్ద దండ తెచ్చాడు. నల్లమ్మ దాని వంక చూళ్లేదు.

"దండలొద్దు బాబూ. పై కొమ్మ ఖాళీగా ఉంది. ఎవరన్నా కూర్చోండి."

అందరూ ఒకళ్ల వెనక ఒకళ్లు నక్కారు. చిలక కూడా. అప్పుడు గువ్వమ్మ, ఆకు కదిలినా అదిరిపడేది, టపటపా ఎగిరెళ్లి పైన కూర్చుంది. వణుకుతానే కూర్చుంది. దాని పక్కకి ఒక పిచ్చుక చేరింది. దాని పక్కకి ఇంకోటి. ఆనక చిలక.

డేగ మళ్లీ వచ్చింది. కొమ్మ నిండా పిట్టలు, అన్నీ ఒకటే గోల. అటునుంచి అటే పోయింది.

బాబాయి పతకం పెట్టెలో బాగానే ఉందర్రా. ముందు ఈ కథ మీకు వంటబట్టనీయండి, ఆనక మీ చేత్తోనే తగిలిద్దురుగాని.

నీతి: ధైర్యం ఉన్నోడికి దండేస్తే సరిపోదు, ఆడు కేకేసినప్పుడు పక్కకెళ్లి నిలబడాలి.