అడుగున పరిచిన కణాలు

పరిశోధన మానేస్తానని కాగితం రాసుకొచ్చి నీలవేణి ఖుద్దూస్ గారి బల్ల మీద పెట్టింది.

నాలుగేళ్లుగా ఆమె విశాఖలో ఆయన శిష్యురాలు. కాళ్లూ చేతులూ ఆడించే నాడీకణాలు ఒక్కొక్కటే చచ్చిపోయి మనిషిని మంచాన పడేసే జబ్బు మీద పనిచేస్తోంది. ఆ జబ్బున్న ఎలుకల నాడీకణాలను గాజు గిన్నెల్లో పెంచుతుంది. పోల్చి చూడటానికి ఆరోగ్యమైన ఎలుకలవీ పక్కనే పెంచుతుంది. అంత శుభ్రంగా నాడీకణాలను వేరుచేసేవాళ్లు ఆ ల్యాబ్‌లో ఇంకెవరూ లేరు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

"జబ్బువి చచ్చాయంటే అర్థముంది సార్. మంచివి కూడా చస్తున్నాయి. ఆరుసార్లు చేశాను. నా చేతిలోనే ఏదో దోషముంది."

ఆయన కాగితం చదవలేదు. "వాటిని దేని మీద పెంచావమ్మా?"

"ఏముంది సార్, నాడీకణాలకి ఆసరాగా ఉండే ఆ గ్లియా కణాల మీదే. ఊరికే అడుగున పరుపులా ఉండేవేగా! జబ్బు ఎలుకలవి మిగిలిపోతుంటే అన్నిట్లోనూ అవే పరిచాను."

ఖుద్దూస్ గారు లేచి చేతులు కడుక్కున్నారు. ఆయన గిన్నె ముట్టి పదేళ్లయింది. ల్యాబంతా చుట్టూ మూగింది. ఆరోగ్యమైన ఎలుక గ్లియా పరిచిన గిన్నె ఒకటి తీసి, దాని మీద జబ్బు ఎలుక నాడీకణాలను వదిలారు. అలవాటు తప్పి సగం ఒలకబోశారు కూడా.

"రెండు వారాలు ఊరెళ్లి రా."

"జబ్బువి ఎలాగూ చస్తాయి కదా సార్?"

"చస్తే నీ కాగితం మీద సంతకం పెడతాను."

పదిహేనో రోజు పొద్దున్నే వచ్చి మైక్రోస్కోపులో చూసింది. ఎవరి గిన్నో తీశాననుకుని మూత మీది పేరు చదివింది. మళ్లీ చూసింది. చచ్చిపోవాల్సిన కణాలు పోగులు చాచి, ఒకదాన్నొకటి అందుకుంటూ గిన్నె నిండా అల్లుకున్నాయి.

"సార్! బతికున్నాయి సార్!"

ఆ కేకకి ఖుద్దూస్ గారు టీ గ్లాసు చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చారు.

"మీకు ముందే తెలుసా సార్?"

"తెలిస్తే రోజూ దొంగచాటుగా వచ్చి ఎందుకు చూసుకుంటాను?"

ఇద్దరూ పగలబడి నవ్వారు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటూ ఆయన అడిగారు.

"ఇప్పుడు చెప్పమ్మా. జబ్బు ఎవరిది?"

నాడీకణాలదేనని నీలవేణి నాలుగేళ్లుగా చెబుతూ వచ్చింది.

మళ్లీ మైక్రోస్కోపు మీదికి వంగి, చక్రం మెల్లగా తిప్పింది. పైన ఉన్న కణాలు మసకబారాయి. అడుగున పరుచుకున్నవి, ఒక్కొక్కటీ, స్పష్టంగా కనిపించాయి.