మడుగును తేట చేసిన ఎంగిలి గింజలు

చిల్లకోన అడవిలో లేళ్లు, కుందేళ్లు, కోతులు, ఒక ముసలి ముళ్లపంది, ఒక పెద్ద అడవిపంది ఉండేవి. కోన నిండా చిల్లచెట్లే. నల్లగా పండిన చిల్లపండ్లంటే అందరికీ ఇష్టం. గుజ్జు చప్పరించి, బిళ్లల్లాంటి గింజల్ని తుపుక్కున ఉమ్మేసేవి. చెట్ల కింద ఎక్కడ చూసినా ఆ గింజలే.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. వాగు ఎండిపోయింది. కోన మొత్తానికి ఒక చిన్న మడుగు మిగిలింది. మడుగులో ఒక మొసలి కూడా మిగిలింది.

నీళ్లు చిక్కటి బురద. మొసలి ఎక్కడ పొంచి ఉందో ఎవరికీ కనిపించేది కాదు. దాహానికి వెళ్లిన కుందేలు తిరిగి రాలేదు. వెతకడానికి వెళ్లిన దాని జత కూడా రాలేదు. అప్పటినుంచి నీళ్ల పేరెత్తితేనే అందరికీ ఒళ్లు జలదరించేది.

నీళ్లు అంత బురదగా ఉండటానికి కారణం కోరయ్య అనే అడవిపంది. అది మడుగులో పొర్లి పొర్లి అడుగు మట్టినంతా పైకి లేపేది. చిత్రం ఏమిటంటే, మొసలి దాని జోలికి మాత్రం వచ్చేది కాదు.

"నా కోరలంటే దానికి హడల్" అని కోరయ్య గొప్పలు చెప్పుకునేది.

చుక్కి అనే లేడి అప్పుడే ఈనింది. నీళ్లు లేక దానికి పాలు ఎండిపోయాయి. పొదలో పిల్లకు అరిచే ఓపిక కూడా లేదు. చుక్కి రోజూ మడుగు దాకా వెళ్లి, భయపడి వెనక్కి వచ్చేసేది. చివరికి ముళ్లపంది సూదెమ్మ దగ్గరికి వెళ్లి ఏడ్చింది.

"అత్తా, నీళ్లకు వెళితే నేను బతకను. వెళ్లకపోతే నా పిల్ల బతకదు. ఏం చేయను?"

సూదెమ్మకు ఒక సంగతి గుర్తొచ్చింది. వాగు ఎండకముందు అది ఒక బండగుంట అంచున కూర్చుని, పళ్లు అరగడానికి చిల్లగింజలు కొరికేది. ఆ గింజల పొడి గుంటలోకి రాలేది. గుంటలో ఎంత బురదనీరు చేరినా, కాసేపటికి మట్టి అడుక్కి దిగి నీరు తేటపడేది. మడుగును కూడా అలాగే తేటపరిస్తే మొసలి కనిపిస్తుంది కదా అని సూదెమ్మ అందరికీ చెప్పి, గింజలు ఏరుకురమ్మంది.

కోరయ్య పగలబడి నవ్వింది. "మేం ఉమ్మేసిన ఎంగిలి గింజల్ని నీళ్లలో కలిపి మాచేతే తాగిస్తావా?"

ఎంగిలి అనగానే కోతులు మొహాలు చిట్లించి వెనక్కి తగ్గాయి. ఒళ్లంతా బురద పూసుకున్న కోరయ్య శుభ్రం గురించి మాట్లాడుతోందని ఎవరికీ తట్టలేదు.

చుక్కి మాత్రం తల వంచి ఒక గింజను నోట కరుచుకుంది. తర్వాత ఇంకొకటి. దాన్ని చూసి సిగ్గుపడి కోతులు కూడా కదిలాయి.

కోరయ్య దుంపలు తవ్వుకోవడానికి కొండ అవతలికి వెళ్లిన రోజున పని మొదలైంది. మడుగులోకి వాలిన గరుకు బండ మీద గింజల్ని పోశారు. సూదెమ్మ కొరికింది. కోతులు రాళ్లతో నూరాయి. చుక్కి గిట్టలతో రాసింది. అలా అయిన ముద్దను నీళ్లలోకి తోశారు.

ఉన్నట్టుండి బండ పక్కనే బుడగలు లేచాయి. అందరి చేతులూ ఆగిపోయాయి. కాసేపటికి బుడగలు ఆగాయి. భయంభయంగానే మళ్లీ నూరారు.

మెల్లగా మట్టి దిగసాగింది. ముందు నాచు కనిపించింది. తర్వాత గులకరాళ్లు కనిపించాయి. తర్వాత బండ కిందే ఒక దుంగ కనిపించింది.

ఆ దుంగ కన్ను తెరిచింది.

చుక్కి కెవ్వున అరిచి ఒడ్డు మీదికి దూకింది. ఇంతసేపూ వాళ్లు మొసలి తల మీదే నిలబడి ఉన్నారు. అందరూ అవతలి ఒడ్డుకు పరుగెత్తారు. అక్కడ నీటి అడుగంతా కనిపిస్తోంది. మొసలి ఎటు కదిలినా కోతులు కేక వేసేవి. ఒకరు కాపలా కాస్తుంటే ఒకరు తాగారు. చుక్కి కడుపు నిండా తాగి పిల్ల దగ్గరికి పరుగెత్తింది.

మొసలికి ఆ రోజు తిండి లేదు. మర్నాడూ లేదు.

అప్పుడు తిరిగి వచ్చింది కోరయ్య. తేటగా ఉన్న మడుగును చూసి మండిపడింది. మళ్లీ బురద చేస్తానంటూ నీళ్లలోకి దిగింది.

"కోరయ్యా, వెనక్కి రా! మొసలి నీవైపే వస్తోంది!" అని సూదెమ్మ అరిచింది.

"ఇన్నాళ్లూ నన్నేం చేసింది, ఇప్పుడు చేయడానికి?" అంది కోరయ్య. ఒక్కసారి తల వంచి ఉంటే దానికీ కనిపించేది. అది తల వంచలేదు.

మొసలి దాని కాలు పట్టుకుంది.

"నువ్వు చేసే బురద చాటున నాకు వేట దొరికేది. అందుకే వదిలేశాను. ఇప్పుడు బురద లేదు, వేట లేదు. నువ్వే ఉన్నావు" అంది.

నీళ్లు ఒక్కసారి కలతపడ్డాయి. మట్టి దిగాక చూస్తే కోరయ్య లేదు.

ఆ తర్వాత చిల్లకోనలో పండు తిని గింజను ఉమ్మేసినవాళ్లు లేరు. నోట కరుచుకుని తెచ్చి బండ మీద పెట్టేవాళ్లు. చుక్కి పిల్ల ఆ నీళ్లు తాగే పెరిగింది. కానీ తాగే ముందు ప్రతిసారీ తల వంచి అడుగుదాకా చూసేది.

నీతి: ఎంగిలిదని పారేసిన గింజ కూడా ప్రాణం కాపాడవచ్చు; దాన్ని చూసి నవ్వే గర్వం ప్రాణం తీయవచ్చు.