కొంగ నిలబడ్డ చోట కరువుండదు

అనగనగా ఒక అడవిలో వార్త చెప్పాలంటే తెల్ల రెక్కలుండాలి. అది అక్కడి కట్టుబాటు. ఎవరు పెట్టారంటే, తెల్ల రెక్కలున్నవాళ్లే పెట్టారు.

అడవి నడిమధ్యన ఒక పెద్ద బండ. దాని పేరు చాటింపు బండ. పొద్దు పొడవగానే దాని మీద కొంగలు బారులు తీరేవి. వాటికి పెద్ద ధవళయ్య. మెడ పొడుగు, ముక్కు పొడుగు, మాట అంతకన్నా పొడుగు. ఆయన గొంతు సవరించుకుంటే అడవంతా చెవులు రిక్కించాల్సిందే. సింహరాజుగారు ఏ పక్కకి తిరిగి పడుకున్నారో చెప్పేవాడు. లేవగానే ఎలా ఆవులించారో చెప్పేవాడు. ఆ ఆవులింతకి అర్థమేమిటో కూడా చెప్పేవాడు. ఆ అర్థం మీద మిగతా కొంగలు మధ్యాహ్నం దాకా వాదించుకునేవి. దాన్నే రాజకీయం అనేవాళ్లు.

ఆ ఏడు ఎండలు ముదరకముందే రాజుగారికి ఈత కొట్టాలని కోరిక పుట్టింది. వాగు ఎగువన ఏనుగుల చేత బండరాళ్లు అడ్డం వేయించాడు. నీళ్లు నిలిచి పెద్ద మడుగైంది. రాజుగారు దిగారు. ఏనుగులు దిగాయి. కొంగలు ఎవరూ పిలవకుండానే దిగాయి.

వాగు దిగువన పల్లం. అక్కడ ఉండేది గేదెలు, జింకలు, కుందేళ్లు. మొదట్లో రాళ్ల సందుల్లోంచి కారిన నీళ్లే వాటికి దిక్కయ్యాయి. తర్వాత అవీ ఇసుకలో ఇంకిపోయాయి. అప్పుడు ఇసుకని తవ్వి చెలమ చేసుకున్నాయి. అందులో ఊరిన నీళ్లని వంతులేసుకుని తాగేవి. వంతు తప్పినవాళ్లు మర్నాటి దాకా నోరు మూసుకు పడుండాలి.

ఆ పల్లంలోనే పోలి ఉండేది. పోలి ఏట్రింత పిట్ట. పశువుల వీపు మీద సవారీ చేస్తూ, గడ్డిలోంచి లేచిన పురుగుల్ని పట్టుకు తినే నల్లపిట్ట. నలుపంటే మసి నలుపు కాదు, సరిగ్గా వినండి. ఎండ తగిలితే నీలం తేలే నలుపు. తోక చివర రెండుగా చీలి ఉంటుంది. చూస్తే గుప్పెడంత. గద్ద వస్తే గద్దనే తరిమి కొడుతుంది. ఎవరి గొంతైనా ఒక్కసారి వింటే అచ్చు దింపేస్తుంది. సొంత నోరు మాత్రం మంచిది కాదు.

పోలి సవారీ చేసేది నీలాలు అనే ముసలి గేదె మీద. నీలాలుకి లేకలేక ఒక దూడ పుట్టింది. తల్లి చెలమ నీళ్లు తాగితే దూడకి పాలు. లేకపోతే లేవు.

ఒక పొద్దున బండ మీంచి చాటింపు వినపడింది.

"అడవి జీవులారా! ఈ ఏడు నీళ్లు పోయిన ఏటికన్నా ఎక్కువ. కాబట్టి రాజుగారు ఇంకో వరస రాళ్లు పేర్పించి, సందులన్నీ మట్టితో మెత్తించబోతున్నారు. పున్నమి కొలువులో అందరూ తోకలెత్తి సరే అనాలి."

నీలాలు నెమరేయడం ఆపింది. "సందులు మూసేస్తే మన చెలమ ఏమవుతుందే పోలీ?"

"ఏమవుతుంది? నీ దూడ నాలిక ఎలా ఉందో అలా అవుతుంది."

"పాడు నోరు! ఎవరన్నా పైన చెప్పొచ్చు కదా మన సంగతి."

"చెప్పే ముక్కులన్నీ ఆ మడుగులోనే ఉన్నాయి కదక్కా," అంది పోలి. అని ఊరుకోలేదు. ఎగిరి తిన్నగా బండ దగ్గరికి పోయింది.

ధవళయ్య పోలిని కిందినుంచి పైదాకా చూశాడు. అదేమంత సేపు పట్టే పని కాదు.

"వార్త తెచ్చావా? సంతోషం! మా బండ మీద అన్ని రంగులకీ చోటుండాలని మొన్ననే అనుకున్నాం. వెతికాం కూడా. ఒక్కరూ దొరకలేదు."

"ఎక్కడ వెతికారయ్యా?"

"మడుగులో."

పళ్లు కొరకడానికి పోలికి పళ్లు లేవు కాబట్టి ముక్కు బిగించింది.

"ఒక్క సంగతి తల్లీ," అన్నాడు ధవళయ్య. "బండ మీద నలుపు కనపడితే వినేవాళ్లు బెదురుతారు. అదుగో, ఆ కాలిన పొద దగ్గర బూడిద ఉంది. కాస్త పొర్లి రా."

పోలికి అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ దూడ గుర్తొచ్చింది. వెళ్లి బూడిదలో పొర్లింది. తుమ్ముకుంటూ వచ్చి బండ కొసన నిలబడింది. అన్ని రంగులకీ చోటంటే ఆ కొసే.

"పల్లంలో వాగు ఎండిపోయింది," అని మొదలెట్టింది. "తల్లులకి పాలు లేవు, దూడలు..."

"ఆగాగు," అని రెక్క అడ్డం పెట్టాడు ధవళయ్య. "ఇది వార్త కాదమ్మా. గోడు."

"తేడా ఏంటయ్యా?"

"మేం చూసి చెబితే వార్త. పడినవాళ్లు చెప్పుకుంటే గోడు."

కొంగలన్నీ "ఆహా" అని మెడలూపాయి. ధవళయ్య జాలిపడి, "పోనీ నువ్వు కాకుల తద్దినాలూ, ఏట్రింతల పెళ్లిళ్లూ చెబుతూ ఉండు. నీ గొంతు వాటికి నప్పుతుంది," అన్నాడు.

'మేం చూసి చెబితే వార్త' అన్న మాట పోలి మర్చిపోలేదు. మీరూ మర్చిపోకండి.

మర్నాడు మళ్లీ వచ్చింది. మళ్లీ బూడిద. మళ్లీ తుమ్ములు.

"మీరు చూస్తేనే వార్త అన్నారుగా. వచ్చి చూడండి."

"న్యాయమైన మాట," అన్నాడు ధవళయ్య. ఎండలో తను పోలేక, తన బావమరిది శంఖయ్యని పంపాడు.

శంఖయ్య పల్లం మీదికొచ్చాడు. కింద చూస్తే ఇసుక. ఇంకాస్త పోతే ఇంకాస్త ఇసుక. పొడినేల మీద వాలడం కొంగలకి నామర్దా. గుండ్రంగా తిరిగి తిరిగి చూస్తే ఒకచోట తళుక్కుమంది. చెలమ! చుట్టూ జింకలు, గేదెలు వరస కట్టి ఉన్నాయి. శంఖయ్య వాటి తలల మీదుగా దిగి, సరిగ్గా ఆ చెలమలో రెండు కాళ్లూ పెట్టి నిలబడ్డాడు. నీళ్లు బురదయ్యాయి. అందులో ఒక కప్ప దాక్కుని ఉంది. దాన్ని గుటుక్కుమనిపించాడు.

"చూశాను," అన్నాడు మూతి తుడుచుకుంటూ. "నీళ్లున్నాయి. కప్ప కూడా ఉంది."

"ఉండేది," అంది నీలాలు.

ఆ రోజు ఎవరి వంతూ తీరలేదు. బురద తేరుకునేసరికి పొద్దు గూకింది. అటు బండ మీద చాటింపు: "మా విలేకరి శంఖయ్య స్వయంగా పల్లానికి పోయి, స్వయంగా నిలబడి చూశారు. కాళ్లు తడిశాయి. కరువన్నది వట్టి పుకారు!"

పోలి బూడిద మాట కూడా మరిచి బండ మీదికి దూకింది. "అయ్యా! మీరు వాలేదే నీళ్లున్న చోట. ఇక వాలిన చోటల్లా నీళ్లుండవా?"

"మా తాతల నాటి నుంచీ ఇదే పద్ధతి," అన్నాడు ధవళయ్య. "కొంగ నిలబడ్డ చోట కరువుండదు. ఏ కొంగా ఇంతవరకూ చూడలేదు. అయినా నువ్వు పల్లందానివి. నీ కన్ను పల్లం వైపే మొగ్గుతుంది."

"మీరు మడుగులో మేస్తారు. మీ కన్ను మడుగు వైపు మొగ్గదా?"

"అలా మెసిలితేనేనమ్మా లోపలి సంగతులు తెలిసేది. దాన్ని పరిచయాలు అంటారు."

పున్నమికి ముందురోజు ధవళయ్యే పోలిని పిలిపించాడు. మాట తేనెలో ముంచినట్టుంది.

"పోలీ, నువ్వు ఎవరి గొంతైనా దింపుతావటగా. రేపు కొలువులో నా గొంతుతో 'పల్లం కూడా సుభిక్షమే' అను. పల్లంలోని పిట్టే చెప్పిందంటే ఇక ఎవడు నోరెత్తుతాడు? మడుగు గట్టున ఆ నేరేడు కొమ్మ చూశావా? కింద తూనీగలు మూగి ఉంటాయి. ఆ కొమ్మ ఇక నీదే. నోరు నీది, గొంతు నాది, బూడిద మామూలే. అందరికీ సమానంగా ఇంతకన్నా ఏం కావాలి?"

పోలి పల్లానికి తిరిగొచ్చింది. దూడ కాళ్లు చాపుకుని పడుకుని ఉంది. ఈగలు వాలినా తోక ఆడించడం లేదు. పోలి సంగతంతా చెప్పింది.

నీలాలు దూడ నుదురు నాకింది. "వెళ్లవే," అంది. "నువ్వన్నా బతుకుతావు. తూనీగలంటే నీకు ఇష్టం కదా."

"బూడిద పూసుకుని మడుగు గట్టున కూర్చుంటే నన్ను పోల్చుకుంటావా అక్కా?"

"రంగు చూసి ఏనాడు పోల్చుకున్నానే నిన్ను? వీపు మీద వాలితే తెలుస్తుంది."

పోలి దూడ పక్కన వాలింది. దూడ మీది ఈగల్ని ఒక్కొక్కటే పట్టుకు తింది.

పున్నమి రోజు మిట్టమధ్యాహ్నం కొలువు తీరింది. రాజుగారు నీడన, మిగతావాళ్లు ఎండన. ధవళయ్య గొంతు సవరించుకున్నాడు. "మహారాజా! పల్లం నుంచి వచ్చిన మా పోలి ఇప్పుడు నిజం చెబుతుంది."

పోలి బండ నడిమధ్యకి వచ్చింది. ఒళ్లంతా బూడిద. జనమంతా తన వైపే చూస్తున్నారు. నేరేడు కొమ్మ అక్కణ్నుంచి బాగానే కనపడుతోంది. ఒక్కసారి చూసుకుంది.

చూసుకుని ఒళ్లు విదిలించింది.

బూడిదంతా లేచి ధవళయ్య కళ్లలో పడింది. ఎండ తగిలి పోలి రెక్కల మీద నీలం తేలింది. అచ్చు ధవళయ్య గొంతుతో ఇలా అంది: "కొంగ నిలబడ్డ చోట కరువుండదు! మా తాతల నాటి మాట!"

కళ్లు నులుముకుంటూనే ధవళయ్య మురిసిపోయాడు. "అవును మహారాజా, అక్షరాలా నిజం!"

అప్పుడు పోలి తన గొంతుతో అంది. "విన్నారుగా మహారాజా. అయితే ధవళయ్యగారిని మా పల్లానికి పంపండి. చెలమలో కాదు, వాగు నడిమధ్యన నిలబెట్టండి. వారు నిలబడితే కరువుండదు. నీలాలక్క దూడ బతుకుతుంది. ఆ తర్వాత మీరు ఎన్ని వరసల రాళ్లు పేర్చుకున్నా మా తోకలు మేమే ఎత్తుతాం."

కొలువంతా గొల్లుమని నవ్వింది. రాజుగారికి వేడుకలంటే మోజు. "పదండి చూద్దాం!" అని లేచాడు. అడవంతా ఆయన వెనకాల కదిలింది. ధవళయ్య రానని ఎలా అంటాడు? తాతల మాటాయె.

వాగు నడిమధ్య ఇసుక పెనంలా కాలుతోంది. ధవళయ్య నిలబడ్డాడు. ఒక కాలెత్తాడు. అది దించి ఇంకోటి ఎత్తాడు. మళ్లీ ఇది, మళ్లీ అది.

"జపమా బాబాయ్?" అంది ఒక కుందేలు.

"నీళ్లు ఏ కాలి కింద వస్తాయి, కుడి కాలా, ఎడమ కాలా?" అంది ఒక జింక.

రాజుగారు పడీ పడీ నవ్వాడు. అంత ఎండన పడి వచ్చి, అంతగా నవ్వితే ఏమవుతుంది? గొంతు పిడచకట్టింది. "నీళ్లు," అన్నాడు.

మడుగు ఎక్కడో ఎగువన ఉంది. నీలాలు చెలమ దగ్గర్నుంచి పక్కకి జరిగింది.

"అది దూడ వంతు మహారాజా," అంది పోలి. "తాగండి."

రాజుగారు వంగి నాలికతో గతికాడు. రెండు గతుకులకే నాలికకి ఇసుక అంటింది. తలెత్తితే ఎదురుగా దూడ. కాళ్లు వణుకుతూ లేచి నిలబడి ఉంది. దానికి రాజెవరో, కొలువేమిటో తెలీదు. రాజుగారి మీసాలు తడిగా ఉండటం మాత్రం కనపడింది. ముందుకొచ్చి ఆ మీసాలు నాకింది.

నీలాలు కళ్లు మూసుకుంది.

రాజుగారు కదల్లేదు. దూడ ఆ మీసం, ఈ మీసం, తడి అయిపోయేదాకా నాకింది.

"రాళ్లు తీసెయ్యండి," అన్నాడు రాజుగారు.

అది దయో, తన దాహమో ఎవరికీ తెలీదు. దాహమే అని పోలి అంటుంది.

పొద్దు వాలకముందే వాగు దిగింది. ముందు నురగ, తర్వాత ఎండుటాకులు, ఆ వెనక నీళ్లు. నీలాలు మెడ దాకా మునిగి కూర్చుంది. ఒడ్డెక్కాక దూడ పొదుగు వదల్లేదు.

మర్నాడు పొద్దున్నే చాటింపు బండ మోగింది. "పల్లంలో కరువుని మొట్టమొదట కనిపెట్టినవారు మన ధవళయ్యగారే! కాళ్లు బొబ్బలెక్కినా నిజం కోసం ఇసుకలో నిలబడ్డారు!" రాజుగారు మెచ్చి ఆయనకి తామరపూల దండ వేయించారు. ధవళయ్య బొబ్బలు చూపించి మరీ వేయించుకున్నాడు.

తర్వాత పోలికి కబురొచ్చింది. "బూడిద అక్కర్లేదు. కొసన కాదు, ఈసారి కాస్త లోపలికే కూర్చోవచ్చు," అని.

"నాకు వేరే బండ ఉంది," అంది పోలి నీలాలు వీపు మీంచి. "అది నడుస్తుంది కూడా."

ఆనాటి నుంచి పోలి గేదె వీపు మీంచే పల్లం కబుర్లు చెప్పేది. అది విని కాలిన పొదల వైపు సంగతి కాకి చెప్పడం మొదలెట్టింది. పుట్టల వైపు సంగతి గోరింక అందుకుంది. ఎవరి రెక్క రంగు వారిదే, ఎవరి గొంతు వారిదే. రాజుగారి ఆవులింత కావాలంటే జనం బండ దగ్గరికి పోయేవాళ్లు. నీళ్లెక్కడున్నాయో కావాలంటే గేదె దగ్గరికి వచ్చేవాళ్లు.

ధవళయ్య పల్లం మీదుగా ఎగిరినప్పుడల్లా పోలి వెంటపడి ఆయన నెత్తిన ఒక్క పోటు పొడిచేది. "కరువు పోయిందిగా, ఇంకా ఎందుకే?" అనేది నీలాలు.

"కరువు పోయిందక్కా. తుమ్ములు పోలేదు," అనేది పోలి.

నీతి: తన కాళ్ల కింది తడిని చూసి లోకమంతా సుభిక్షం అనకూడదు, ఎండిన చోటి కబురు ఆ ఎండలో ఉన్నవాళ్ల గొంతుతోనే వినాలి, రాజుకి దాహమేసే దాకా ఆగకూడదు.