నవ్వు గీసిన అమ్మ

ఇటు తిరిగి పడుకో. ఊఁ కొడితేనే చెప్తాను, లేదంటే నేనూ పడుకుంటా.

అనగనగా కాకినాడ పక్కన ఒక ఊళ్ళో ప్రసూన అనే అమ్మ ఉండేది. బొమ్మల సినిమాలకి బొమ్మలు గీయడం ఆవిడ పని. సినిమాలో పిల్ల ఒక్కసారి నవ్వాలంటే గంపెడు బొమ్మలు గీయాలి, ఒక్కోదాంట్లో మూతి పిసరంత కదపాలి. తెల్లారింది మొదలు అదే గోల. ఆవిడకి ఇందుజ అని ఒక్కగానొక్క కూతురు. ఇంట్లో అత్తగారు కూడా ఉండేది.

ఆశ్వయుజం వచ్చింది, వానలు తగ్గాయి, అట్లతద్ది వచ్చింది. ముందురోజు అందరూ గోరింటాకు పెట్టుకున్నారు. ప్రసూన పెట్టుకోలేదు. ఆకు పెట్టుకుంటే చెయ్యి కదపకూడదు, మరి బొమ్మలెవరు గీస్తారు? తెల్లారకుండానే గోంగూర పచ్చడీ పెరుగన్నం తిని, పెరట్లో వేపచెట్టుకి ఊయల కట్టారు.

"అమ్మా, నువ్వు ఊపు" అంది ఇందుజ.

"ఈ ఒక్క సీను అయిపోనీ తల్లీ" అంది ప్రసూన.

అప్పుడు నాయనమ్మే ఊపింది. ఆ పిల్ల తల వెనక్కి వాల్చి, పన్ను ఊడిన సందు కనపడేలా ఇంత నోరు తెరిచి నవ్వింది. కిటికీలోంచి ప్రసూన వింది. సినిమాకి కావలసిన నవ్వు దొరికిందనుకుంది.

ఎంత గీసినా ఆ నవ్వు కుదరక, ఆ తర్వాతి ఏడు అట్లతద్దికి ప్రసూన ఫోన్ పట్టుకుని పెరట్లోకి వచ్చింది. అమ్మ వచ్చిందని పిల్లకి ఎంత సంబరమో.

"ఆగు, ముందు నవ్వు. వీడియో తీసుకుంటా" అంది ప్రసూన. పిల్ల నవ్వింది. "తల ఇంకాస్త వెనక్కి" అంది ప్రసూన. మళ్ళీ నవ్వింది. మూడోసారి నవ్వేసరికి ఎండెక్కింది.

"పిల్లని ఊపవే అమ్మాయ్, అదేం బొమ్మ కాదు" అని అత్తగారు కసిరింది. వినపడితేగా?

ఆ నవ్వు సినిమాకెక్కింది. చూసినవాళ్ళంతా ఎంత ప్రాణముందో అన్నారు. అప్పుడు ప్రసూన కూతురికీ చూపించింది. పిల్ల చివరిదాకా చూసి, "ఈ అమ్మాయిని వాళ్ళమ్మ ఊపుతోంది" అంది. అని, చెప్పులేసుకుని ఆడుకోడానికి పోయింది.

మూడో ఏడు అట్లతద్దికి ప్రసూన పని మానేసి, రెండు చేతులకీ గోరింటాకు పెట్టుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే మరి. చేతులు ఎర్రగా పండాయి. ఇందుజ ఊయలెక్కి కూర్చుంది. ఊడిన పన్ను ఎప్పుడో వచ్చేసింది. వెనక్కి తిరిగి చూసింది.

"ఫోన్ ఏదమ్మా?"

"తేలేదమ్మా. నిన్ను ఊపడానికే వచ్చా."

"అయితే నవ్వక్కర్లేదా?"

ఇవాళ హోంవర్కు లేదా అని అడిగినట్టు అడిగింది ఆ పిల్ల.

ప్రసూన ఊపింది. ఊయల కొమ్మ దాకా పోయినా పిల్ల నవ్వలేదు, అమ్మ బాధపడుతుందని దిగనూ లేదు. ఆ తర్వాత ప్రసూన లోపలికెళ్ళి తన సినిమా పెట్టుకుంది. తెర మీద పిల్ల ఎన్నిసార్లు నవ్వమంటే అన్నిసార్లు నవ్వింది. ఆ తల్లి కూర్చుని ఏడ్చింది.

మళ్ళీ ఎప్పుడైనా నవ్విందా అంటావా? నవ్విందని చెప్పి నిన్ను నిద్రపుచ్చొచ్చు. కానీ నాకు తెలీదురా బంగారం. కళ్ళు మూసుకో.

గోరింటాకు పండింది,
ఊయల ఊగి ఆగింది,
కథేమో కంచికి చేరింది,
ఆ అమ్మే ఇంకా పిల్ల దగ్గరికి చేరలేదు.