పేరు చెక్కిన బిందెలు

అనగనగా ఒక ఊరుందమ్మా. ఆ ఊళ్ళో ఒక ఒంటిగది ఇల్లు. అందులో వరహాలమ్మ, ఆవిడ కూతురి కూతురు పైడి ఉండేవాళ్ళు.

వరహాలమ్మకి స్టీలు సామానంటే ప్రాణం. పాత బట్టలకి సామానిచ్చేవాడు వీధిలో కేకేస్తే చాలు, చీర ఇచ్చి బిందె తీసుకునేది. వెంటనే దానిమీద తన పేరు చెక్కించేది. ఊళ్ళోవాళ్ళు పెళ్ళిళ్ళకి అడిగి పట్టుకెళ్ళినప్పుడు మారిపోకూడదు కదా!

అలా అటక నిండింది. ఆ తర్వాత మంచం కింద నిండింది. ఆ తర్వాత పైడి చాప పరుచుకునే చోటూ నిండింది. పిల్ల కాలు చాపితే ఖంగుమని ఏదో ఒకటి దొర్లేది.

ఒకరోజు పైడి చాప చుట్టి చంకలో పెట్టుకుంది. "అమ్మమ్మా, నేను పక్కింటి సన్యాసమ్మత్త దగ్గర పడుకుంటా. అక్కడ కాళ్ళు పడతాయి."

వరహాలమ్మ గుండె కలుక్కుమంది. పిల్ల లేని ఇంట్లో ఇన్ని బిందెలెందుకు? వదిలించుకుందామనుకుంది. కానీ మోజుపడి కొన్నవి వద్దని పైకి చెప్పడానికి నామోషీ.

అందుకని గంగాళం సన్యాసమ్మ గుమ్మంలో పెట్టేసి వచ్చింది. సాయంత్రానికి అది వెనక్కొచ్చింది, నిండా అరటిపళ్ళతో. "నీ పేరుంది కదత్తా, మర్చిపోయావేమో. ఖాళీగా ఎలా తెస్తాను?" అంది సన్యాసమ్మ.

అప్పుడు అన్నం వండే డేగిసా పాలవాళ్ళ అరుగుమీద వదిలింది. అది పెరుగుతో తిరిగొచ్చింది.

అప్పుడు బిందె సంతలో వదిలేసి, వెనక్కి చూడకుండా వచ్చేసింది. ఆటో అప్పన్న అందులో ఉల్లిపాయలు పోసి మరీ తెచ్చాడు. "పిన్నీ, నీ సామాను నిన్నొదల్దు!" అని నవ్వాడు.

ఆ తర్వాత వరహాలమ్మ నామోషీ పక్కన పెట్టింది. చెక్కేవాణ్ణి పిలిచి, ప్రతిదానిమీదా తన పేరు కింద 'ఊరందరిదీ' అని చెక్కించింది. అన్నీ భజన మందిరం గదిలో పెట్టించింది.

"పెళ్ళైనా పేరంటమైనా ఇవే వాడుకోండి. మళ్ళీ మా ఇంటికి తెచ్చారో, ఊరుకోను!" అంది.

నీళ్ళకో బిందె, వంటకో గిన్నె, చెరో కంచం మాత్రం ఉంచుకుంది.

మర్నాడు సామానువాడు కేకేశాడు. వరహాలమ్మ పాత చీరలతో బొంత కుట్టుకుంటూ తలెత్తలేదు.

ఆ సాయంత్రం పైడి చాపతో తిరిగొచ్చింది. కొత్త బొంతమీద పడుకుని, ముందు కాస్త, తర్వాత ఇంకాస్త, ఆ తర్వాత పూర్తిగా కాళ్ళు చాపింది. ఏదీ ఖంగుమనలేదు.

"అమ్మమ్మా, మనిల్లు పెద్దదైందా?"

"అయింది. ఇక పడుకో."

బిందెలేమో పందిట్లోకి,
కథేమో కంచిలోకి,
కాళ్ళు చాపి మనం నిద్దట్లోకి.